బొమ్మల పుస్తకం కంటే ముందు ఒక నిజం చెప్పాలి

ప్రశ్న:

మేడమ్, మాది నెల్లూరు. ఉద్యోగాల వల్ల చెన్నైలో, వేళచ్చేరిలో ఉంటున్నాం. మా పాపకి ఐదున్నరేళ్ళు, యూకేజీ చదువుతోంది. పుట్టినప్పటి నుంచి మా అత్తగారే పెంచారు. మూడు నెలల క్రితం ఆవిడ జబ్బు చేసి ఆసుపత్రిలో చనిపోయారు. కర్మలు అయ్యేదాకా పాపని గూడూరులో మా చెల్లెలి ఇంట్లో ఉంచాం. తిరిగొచ్చాక అడిగితే ఏం చెప్పాలో తోచక "నానమ్మ నెల్లూరు వెళ్ళింది" అన్నాం. దసరాకి నెల్లూరు వెళ్ళినప్పుడు పాప ఒక్కో గదీ తిరిగి వెతికింది, మంచం కిందికి కూడా వంగి చూసింది. మాలో ఎవ్వరికీ నోట మాట రాలేదు. అప్పటి నుంచి నేను ఆఫీసుకి బయల్దేరితే చున్నీ పట్టుకుని వదలదు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. నా స్నేహితురాలు 'ద రాబిట్ లిజన్డ్' అనే ఇంగ్లీషు బొమ్మల పుస్తకం ఇచ్చింది. పాప రోజూ అదే చదవమంటుంది. మొన్న చదవడం అయిపోగానే "నానమ్మని కూడా మళ్ళీ కట్టొచ్చా?" అని అడిగింది. మావారు ఆ పుస్తకం తీసి దాచెయ్యమంటున్నారు. చిన్నపిల్లకి బాధ గురించి చెప్పడమెందుకు, కొన్నాళ్ళు పోతే తనే మర్చిపోతుంది అంటారు. ఇలాంటివి చదివించడం మంచిదేనా? ఇంకేవైనా ఉన్నాయా? తెలుగులో దొరుకుతాయా?
– ఒక అమ్మ, చెన్నై

జవాబు:

అమ్మా, పుస్తకం దాచొద్దు. పాప చదవమన్నప్పుడల్లా చదవండి. కానీ దానికంటే ముందు మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది. నానమ్మ చనిపోయిందని పాపకి చెప్పాలి. ఎంత మంచి బొమ్మల పుస్తకమైనా ఆ పని మీ బదులు చెయ్యలేదు.

పాప అడిగిన ప్రశ్నే చూడండి. ఆ పుస్తకంలో టేలర్ అనే బిడ్డ బ్లాకులతో గొప్పగా ఏదో కడుతుంది. పక్షులు మీదపడి అంతా కూలగొట్టేస్తాయి. చివరికి టేలర్ మళ్ళీ కట్టాలని ఉత్సాహంగా లేస్తుంది. కూలింది మళ్ళీ కట్టుకోవచ్చని చెప్పే కథ. మీ పాప ఆ కథని తీసుకెళ్ళి నానమ్మ పక్కన పెట్టి చూసుకుంది. ఊరెళ్ళిన మనిషి తిరిగి రావాలి కదా. రాలేదు. ఆ ఊరికి మనమే వెళ్ళినా అక్కడ కూడా లేదు. అంటే నానమ్మకి ఏదో అయింది, ఎవరైనా బాగుచేస్తే వస్తుంది. ఐదేళ్ళ పిల్ల తనకి తెలిసినంతలో చాలా శ్రద్ధగా వేసుకున్న లెక్క అది. దానికి కావలసిన అసలు సంగతి మాత్రం మీరు ఇవ్వలేదు.

ఈ వయసు పిల్లలు చావుని ప్రయాణంలా అనుకోవడం కొత్తేమీ కాదు. మరియా నాజ్ అనే మనస్తత్వవేత్త హంగేరీలో పిల్లలతో మాట్లాడి, బొమ్మలు గీయించి 1948లో ప్రచురించిన పరిశోధన ఉంది. ఐదేళ్ళలోపు పిల్లలు చావుని ఎక్కడికో వెళ్ళిపోవడంగానో, నిద్రగానో చూస్తారని, తిరిగి రాని సంగతని గ్రహించరని ఆవిడ అందులో చెప్పారు. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు చాలావరకు ఐదు నుంచి ఏడేళ్ళ మధ్య ఈ అవగాహన వస్తుందంటాయి. మీ పాప సరిగ్గా ఆ గడప మీద ఉంది. అర్థం చేసుకోవడానికి సిద్ధంగా ఉంది, తనే అడుగుతోంది కూడా. ఇలాంటప్పుడు "ఊరెళ్ళింది" అన్న మాట తనని వెనక్కి లాగుతుంది. పైగా ఊరెళ్ళడమంటేనే భయం పట్టుకుంటుంది. మీరు ఆఫీసుకి బయల్దేరినప్పుడు చున్నీ వదలకపోవడానికి అదే కారణమై ఉండొచ్చు. చెప్పకుండా వెళ్ళిన ఒక మనిషి మళ్ళీ రాలేదని తనకి తెలుసు.

ఎలా చెప్పాలి అంటారా? ఆదివారం పొద్దున లాంటి తీరిక సమయం చూసుకోండి. పడుకునే ముందు వద్దు, ఆఫీసుకి వెళ్ళే ముందు అసలే వద్దు. కుదిరితే మీరూ మీవారూ ఇద్దరూ ఉండండి. మాటలు ఇలా ఉంటే చాలు: "నీకో సంగతి చెప్పాలి. నానమ్మ నెల్లూరు వెళ్ళిందని చెప్పాం కదా, అది నిజం కాదు. నానమ్మ చనిపోయింది. నానమ్మకి చాలా పెద్ద జబ్బు చేసింది. డాక్టర్లు ఎంత చూసినా తగ్గలేదు. ఒళ్ళు పనిచెయ్యడం ఆగిపోయింది. ఇప్పుడు నానమ్మకి ఊపిరి ఆడదు, ఆకలి వెయ్యదు, నొప్పి కూడా ఉండదు. చనిపోయినవాళ్ళు తిరిగి రారు. ఈ మాట చెప్పడం మాకు చాలా కష్టమనిపించి అప్పుడు చెప్పలేదు. నాకూ నాన్నకీ కూడా బాధగా ఉంది." అంతే. ఆ తర్వాత ఆగండి. పాప ఏడవొచ్చు, కోప్పడొచ్చు, ఏమీ విననట్టు బిస్కెట్ అడగొచ్చు. బిస్కెట్ అడిగిందని బాధ లేదనుకోకండి. పిల్లల దుఃఖం కాసేపు వస్తుంది, పోతుంది, ఆటల మధ్యలో మళ్ళీ వస్తుంది. అదే ప్రశ్న రేపు మళ్ళీ అడుగుతుంది, ఎల్లుండీ అడుగుతుంది. ప్రతిసారీ అదే జవాబు, అదే మాటల్లో చెప్పండి.

దేవుడి దగ్గరికి వెళ్ళిందని మీ ఇంట్లో నమ్మితే అది కూడా చెప్పండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ చనిపోయింది అన్న మాట తర్వాతే. ఆ మాట లేకుండా దేవుడి దగ్గరికి అంటే పాపకి అది ఇంకో ఊరు, ఇంకో రైలు. నిద్రపోయిందని మాత్రం ఎప్పుడూ అనొద్దు, పిల్లలు పడుకోవడానికే భయపడతారు. నక్షత్రమైందని చెప్పడం సినిమాల వల్ల మనకి బాగా అలవాటైంది. కార్తీకంలో చెన్నైలో ముసురు పట్టి వారాల తరబడి చుక్కలు కనిపించకపోతే, నానమ్మ మళ్ళీ ఎటు పోయిందని వెతుక్కునే పిల్లలుంటారు.

పాప పైకి అడగని ప్రశ్నలు కూడా కొన్ని ఉంటాయి, వాటికి మీరే జవాబు చెప్పాలి. మొదటిది, ఇది నా వల్ల జరిగిందా అని. ఎప్పుడో పాలు తాగనని పేచీ పెట్టి "పో నానమ్మా" అని ఉంటుంది. ఆ మాట వల్లే పోయిందని ఈ వయసులో నిజంగానే నమ్ముతారు. "నువ్వు అన్నదాని వల్ల, చేసినదాని వల్ల ఇది జరగలేదు" అని అడక్కుండానే చెప్పండి. రెండోది, అమ్మ కూడా చనిపోతుందా అని. "నేనెప్పుడూ చనిపోను" అని మాటివ్వకండి. "చాలామంది బాగా ముసలివాళ్ళయ్యాకే చనిపోతారు. నేను నీతో చాలా ఏళ్ళు ఉంటాననుకుంటున్నా. నిన్ను చూసుకోవడానికి నాన్న ఉన్నారు, పిన్ని ఉంది" అనండి. మూడోది ఆసుపత్రి. రేపు మీకు జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తే పాప హడలిపోతుంది. మనకొచ్చే జలుబూ జ్వరమూ వేరు, నానమ్మకి వచ్చిన జబ్బు వేరు అని విడదీసి చెప్పాలి. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు కూడా నిద్రలో ఉండగా జారుకోవద్దు. ఎన్నింటికి వస్తారో చెప్పి, ఆ వేళకి రండి. ఆలస్యమైతే ఫోన్ చెయ్యండి. పక్క తడిపినందుకు ఎవరూ కసరకూడదు. ఒకసారి పిల్లల డాక్టరుకి కూడా చూపించండి, యూరిన్ ఇన్ఫెక్షన్ లాంటిదేమైనా ఉంటే తెలిసిపోతుంది.

ఇక మీవారి మాట. పిల్లలకి బాధ గురించి చెప్పడమెందుకు అంటున్నారు. ఆ మాట వెనక పాప మీద ప్రేమే ఉంది. కానీ బాధ ఆ పుస్తకంతో మీ ఇంట్లోకి రాలేదు. మూడు నెలలుగా ఇంట్లోనే ఉంది, పాప ఒక్కతే దాన్ని మోస్తోంది. మన పెద్దవాళ్ళు పిల్లలకి బాధ లేని కథలే చెప్పారా? ఆవు-పులి కథ చాలామంది నానమ్మలు చెప్పినదే. అడవిలో పులి ఆవుని పట్టుకుంటుంది. ఇంటి దగ్గర దూడ ఉంది, పాలిచ్చి తిరిగొస్తానని ఆవు మాటిచ్చి వెళ్తుంది. తను లేకపోయాక ఎలా బతకాలో, ఎవరితో ఎలా మెలగాలో దూడకి చెప్పి, మాట ప్రకారం పులి దగ్గరికి తిరిగి వస్తుంది. పులి మనసు కరిగి వదిలేస్తుంది. అనంతామాత్యుడు 'భోజరాజీయము'లో పద్యాల్లో చెప్పిన కథ ఇది. తల్లి బిడ్డకి వీడ్కోలు చెప్పే ఆ ఘట్టాన్ని తరతరాల పిల్లలు ఒళ్ళో కూర్చుని విన్నారు, ఏడ్చారు, మళ్ళీ చెప్పమన్నారు. పక్కన పెద్ద మనిషి ఉన్నప్పుడు పిల్లలు దుఃఖాన్ని తట్టుకోగలరని వాళ్ళకి తెలుసు.

ఇంకో మాట చనువుగా అంటాను, ఏమనుకోకండి. మీరు ఉత్తరమంతా పాప గురించి రాశారు. పోయినావిడ మీవారికి తల్లి. పుస్తకం దాచెయ్యమంటున్నది తల్లిని పోగొట్టుకున్న కొడుకు. కర్మ చేసి, సెలవు అయిపోగానే ఆఫీసుకి వెళ్ళిపోయి ఉంటారు. ఆయన్ని కూర్చోబెట్టి అడిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పాప ముందు ఏడవకూడదని బిగబట్టుకుంటున్నారేమో. ఆయన కోసం ఒక పుస్తకం చెప్తాను. ఇంగ్లీషు రచయిత మైకేల్ రోజెన్, కొడుకు ఎడీ 18 ఏళ్ళకి మెదడువాపు లాంటి మెనింజైటిస్ జబ్బుతో పోయాక రాసిన పుస్తకం, 'మైకేల్ రోజెన్స్ సాడ్ బుక్'. 2004లో వచ్చింది, బొమ్మలు క్వెంటిన్ బ్లేక్ వేశారు. మొదటి పేజీలో ఒక మనిషి నవ్వుతూ ఉంటాడు. తను నిజానికి బాధలో ఉన్నానని, బాధగా కనిపిస్తే జనం ఇష్టపడరేమోనని నవ్వుతున్నట్టు నటిస్తున్నానని పక్కన రాసి ఉంటుంది. ఆ తర్వాతి పేజీల్లో కోపం ఉంది, పిచ్చి పనులు ఉన్నాయి, కొడుకుతో గడిపిన రోజులు ఉన్నాయి. చివరి బొమ్మలో మాటలు లేవు, కొవ్వొత్తి ముందు కూర్చున్న మనిషి మాత్రమే. ఐదేళ్ళ పాపకి ఇది ఇప్పుడే వద్దు, ఎనిమిదో తొమ్మిదో వచ్చాక చూడొచ్చు. మీవారికి మాత్రం ఇప్పుడే ఇవ్వండి. పదిహేను నిమిషాల్లో చదివేస్తారు.

పాపకి ఏ పుస్తకాలు అన్నారు. పేర్ల కంటే ముందు ఎలా ఎంచుకోవాలో చెప్తాను, ఎందుకంటే 'భావోద్వేగాల పుస్తకాలు' అని ఈమధ్య కుప్పలుగా వస్తున్నాయి, చాలావాటిలో సరుకు లేదు. రెండో పేజీలో బాధ, నాలుగో పేజీలో సలహా, ఆరో పేజీలో అందరూ నవ్వు. అలాంటివి కొనకండి. వాటి నుంచి పిల్లలు నేర్చుకునేది ఒక్కటే, త్వరగా నవ్వకపోతే నాలో ఏదో తప్పుందని. మంచి పుస్తకం బాధకి కావలసినన్ని పేజీలు ఇస్తుంది. ఆశని చివర్లో తెచ్చి అతికించదు, కథలోనే ఎక్కడో మొలవనిస్తుంది. బొమ్మల్లో కూడా మాటల్లో లేనిది ఏదో ఉంటుంది, చదవడం రాని పిల్ల దాన్ని తనే కనిపెడుతుంది. కొనే ముందు షాపులో నిలబడి ఒకసారి మొత్తం చదవండి. మీకే ఉపదేశంలా అనిపిస్తే అక్కడే పెట్టేసి రండి.

మీ దగ్గరున్నదే చాలా మంచిది. కోరి డోర్‌ఫెల్డ్ రాసి బొమ్మలు వేసిన ఆ పుస్తకం 2018లో వచ్చింది. కూలిపోయాక టేలర్ దగ్గరికి జంతువులు వరసగా వస్తాయి. కోడి మాట్లాడుకుందాం అంటుంది, ఎలుగుబంటి గట్టిగా అరుద్దాం అంటుంది, ఏనుగు ఇంతకుముందు ఎలా ఉండేదో గుర్తుచేసుకుని సరిచేద్దాం అంటుంది. నవ్వుకుందాం అనేది ఒకటి, దాక్కుందాం అనేది ఒకటి, పగ తీర్చుకుందాం అనేది ఒకటి. చావింటికి వచ్చే చుట్టాలందరూ అందులో ఉన్నారు. టేలర్‌కి ఎవ్వరితోనూ ఏదీ చెయ్యాలనిపించదు. అందరూ వెళ్ళిపోయాక కుందేలు మెల్లగా పక్కన చేరి ఊరికే కూర్చుంటుంది. అప్పుడు టేలర్ తనంతట తనే మాట్లాడుతుంది, అరుస్తుంది, గుర్తుచేసుకుంటుంది, నవ్వుతుంది. కుందేలు అన్నీ వింటుంది. ఈ పుస్తకం నిజానికి పెద్దవాళ్ళకి పాఠం. మీ పాప దాన్ని మళ్ళీ మళ్ళీ చదవమంటోందంటే తన పక్కన అలా కూర్చోమని అడుగుతోందన్నమాట. "నానమ్మని కట్టొచ్చా" అని మళ్ళీ అడిగితే "కట్టలేం నాన్నా. బ్లాకులు మళ్ళీ కట్టొచ్చు, చనిపోయినవాళ్ళని తేలేం. నీకు నానమ్మ కావాలని ఉంది కదా? నాకూ ఉంది" అనండి. పుస్తకం ఆగిపోయిన చోట అంతవరకు మీరు కలపాలి.

సూసన్ వార్లీ రాసిన 'బ్యాడ్జర్స్ పార్టింగ్ గిఫ్ట్స్' 1984 నాటిది. బ్యాడ్జర్ అనే ముసలి జంతువు చనిపోతుంది. మిత్రులు చలికాలమంతా దిగులుగా గడుపుతారు. వసంతం వచ్చాక కలుసుకుని, తను తమకి నేర్పినవి చెప్పుకుంటారు: చుంచుకి కాగితం కత్తిరించి బొమ్మలు చెయ్యడం, కప్పకి మంచు మీద జారడం, నక్కకి టై కట్టుకోవడం, కుందేలుకి బిస్కెట్ల వంట. ఇది నాకు చాలా ఇష్టమైన పుస్తకం. కానీ ఒక జాగ్రత్త. అందులో బ్యాడ్జర్ పొడవాటి సొరంగంలోకి వెళ్తున్నానని చీటీ రాసి పెడుతుంది. 'ఊరెళ్ళింది' విన్న పిల్లకి సొరంగం కూడా ఒక దారిలాగే కనిపిస్తుంది, అవతలి వైపు నుంచి రావొచ్చు కదా అనుకుంటుంది. కాబట్టి నిజం చెప్పిన తర్వాతే ఇది చదవండి, ఆ పేజీ దగ్గర ఆగి "అంటే చనిపోయిందన్నమాట" అని చెప్పండి. చదివాక నానమ్మ తనకి ఏం నేర్పిందో అడగండి. చుక్కలు పెట్టి ముగ్గు కలపడమో, గోరింటాకు పెట్టుకుని చెయ్యి కదపకుండా కూర్చోవడమో, పప్పన్నంలో నెయ్యి ఎప్పుడు వేసుకోవాలో చెప్తుంది. అవి మీరు తనతో కలిసి చెయ్యొచ్చు. తిరిగి రాని మనిషి నేర్పిన పని చేతిలో ఉండిపోతుందని ఆ కథ చూపిస్తుంది, పిల్లలకి ఆశ అంటే అంత గట్టి సంగతి కావాలి.

ఆస్ట్రేలియా చిత్రకారుడు షాన్ టాన్ 2001లో చేసిన 'ద రెడ్ ట్రీ' ఇంకోటి. ఇందులో చావు లేదు, కారణమే లేదు. ఒక పాపకి ఆ రోజంతా దిగులు, ఏదీ బాగాలేదు, వీధి మీద పెద్ద చేప నీడ కమ్ముకుంటుంది. అయితే ప్రతి బొమ్మలోనూ ఎక్కడో ఒక చిన్న ఎర్రటి ఆకు ఉంటుంది. కథలోని పాప దాన్ని చూడదు, చదివే పిల్లలు చూస్తారు. చివర తన గదిలోనే ఎర్రటి చెట్టు మొలుస్తుంది. కొన్ని బొమ్మలు మీ పాపకి భయం కలిగించొచ్చు. ముందు మీరు చూసి, పగటిపూట, ఆకు ఎక్కడుందో వెతికే ఆటలా మొదలుపెట్టండి. వద్దంటే మూసెయ్యండి, రెండేళ్ళు ఆగొచ్చు.

మన దగ్గరి పుస్తకం ఒకటి ఉంది. చెన్నైలోని తూలిక ప్రచురణ సంస్థ తెచ్చిన 'గాన్ గ్రాండ్‌మదర్', చతురా రావు రచన. నానమ్మో అమ్మమ్మో లేని ఇంట్లో ఒక పిల్ల ఆవిడ ఎక్కడికి వెళ్ళిందని వెతుక్కునే కథ. మీ పాప నెల్లూరులో మంచం కింద చూసిన సంగతి చదవగానే నాకు గుర్తొచ్చింది ఇదే. బొమ్మల్లో ఉన్న ఇల్లూ మనుషులూ మనవాళ్ళలా ఉంటారు కాబట్టి పాపకి తన ఇల్లు అందులో త్వరగా కనిపిస్తుంది.

తెలుగులో దొరుకుతాయా అన్నారు. పైన చెప్పినవి ఇంగ్లీషు పుస్తకాలే, తెలుగు మీరే చెప్పుకోవాలి. దీన్ని చిన్న పనిగా చూడొద్దు. మీ పాప బడిలో ఇంగ్లీషు, కింద ఆడుకునేటప్పుడు తమిళం మాట్లాడుతూ ఉంటుంది. నానమ్మతో మాట్లాడింది తెలుగు. ఆవిడ పోవడంతో రోజంతా ఇంట్లో వినిపించే తెలుగు కూడా సగం పోయింది. నానమ్మ గురించి పాపకి ఉన్నదంతా ఆ మాటల్లోనే ఉంది కాబట్టి ఈ దుఃఖం కూడా తెలుగులోనే బయటికి రావాలి. పేజీకి రెండు వాక్యాల చొప్పున ముందే ఒక కాగితం మీద రాసుకోండి, నెల్లూరు మాటల్లోనే రాసుకోండి, అత్తగారు మాట్లాడినట్టే. ఇంగ్లీషు వాక్యం చదివి దాన్ని తెలుగులో వివరించడం మొదలుపెడితే అది పాఠమైపోతుంది. బొమ్మ చూపిస్తూ కథ చెప్పండి, చాలు.

అచ్చంగా తెలుగులో కావాలంటే తూలిక 1996 నుంచి తెలుగుతో సహా చాలా భారతీయ భాషల్లో బొమ్మల పుస్తకాలు వేస్తోంది, ఇంగ్లీషు-తెలుగు రెండూ ఒకే పేజీలో ఉండేవి కూడా ఉన్నాయి. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా చదవొచ్చు, దించుకుని ప్రింట్ తీసుకోవచ్చు. అక్కడి ఇంగ్లీషు కథని మీరే తెలుగు చేసి పెట్టే వీలు కూడా ఉంది. హైదరాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్ళు పిల్లల కోసమే తెలుగు పుస్తకాలు వేస్తారు, పోస్టులో తెప్పించుకోవచ్చు. వేళచ్చేరి నుంచి కోట్టూర్‌పురంలోని అణ్ణా శతజయంతి గ్రంథాలయం దూరమేమీ కాదు. అక్కడ పిల్లలకి పెద్ద విభాగం ఉంది, శనివారం తీసుకెళ్ళి తనకి నచ్చినవి తియ్యనివ్వండి. బాధ కథలే తియ్యక్కర్లేదు. ఏనుగు తుమ్మే కథ తీసుకుని పగలబడి నవ్వితే నవ్వనివ్వండి. సంక్రాంతి రోజుల్లో జరిగే చెన్నై పుస్తక ప్రదర్శన కూడా మర్చిపోకండి.

చదివేటప్పుడు "ఈ కథలో నీతి ఏంటి? నీకేం అర్థమైంది?" అని అడగొద్దు. పేజీలు పాపనే తిప్పనివ్వండి. వెనక్కి తిప్పితే వెనక్కి వెళ్ళండి. ఒక బొమ్మ దగ్గర ఆగిపోతే మీరూ ఆగండి, మీకు ఎంతో సేపనిపించినా సరే. అడగాలనిపిస్తే "ఇక్కడ ఏం జరుగుతోంది?" అన్న ఒక్క ప్రశ్న చాలు. చాలామంది పిల్లలు తమ సంగతి నేరుగా చెప్పరు, "టేలర్‌కి కడుపులో నొప్పిగా ఉంది" అంటారు. అప్పుడు "అంటే నీకు నొప్పిగా ఉందా?" అని పట్టుకోకండి. "అవునా, టేలర్‌కి ఎప్పుడెప్పుడు నొస్తుంది?" అని టేలర్ గురించే మాట్లాడండి. తనకి ధైర్యం చాలినప్పుడు తన గురించి చెప్తుంది. చదువుతూ మీకు ఏడుపొస్తే లేచి వంటింట్లోకి పారిపోవద్దు. "నానమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది, కాసేపట్లో తగ్గుతుంది" అనండి. ఏడుపు తగ్గుతుందని పాప కళ్ళారా చూస్తుంది.

కొన్ని వారాలు గడిచాక మీరే ఒక పుస్తకం తయారుచేసుకోవచ్చు. బొమ్మల నోట్‌బుక్ ఒకటి తీసుకుని నానమ్మ ఫోటోలు అంటించండి, మిగతావి పాప గీస్తుంది. పాప చెప్పిన వాక్యాన్ని ఒక్క అక్షరం కూడా మార్చకుండా మీరు తెలుగులో రాయండి. వ్యాకరణం సరిచెయ్యొద్దు. నానమ్మ ఎప్పుడు కోప్పడిందో, ఏ సీరియల్ చూసేదో, ఏ మందు వాసన వచ్చేదో, అన్నీ రావొచ్చు. ఆసుపత్రి బొమ్మ గీస్తే గీయనివ్వండి. కొన్ని పేజీలు మీవారికి వదలండి, తన చిన్నప్పుడు అమ్మ ఎలా ఉండేదో ఆయన రాయాలి. పాపకి తెలియని నానమ్మ ఆయన దగ్గరే ఉంది. సంవత్సరీకానికి నెల్లూరు వెళ్ళేటప్పుడు ఈసారి పాపని దూరంగా ఉంచకండి. ఏం జరుగుతుందో ముందే చెప్పి, ఇష్టమైతే మీ పక్కన కూర్చోబెట్టుకోండి. మధ్యలో లేచి ఆడుకుంటానంటే వెళ్ళనివ్వండి.

నిజం చెప్పాక కొద్ది రోజులు పాప ఇంకా ఎక్కువ అంటిపెట్టుకుని ఉండొచ్చు. కంగారుపడకండి. బడిలో టీచరుకి కూడా సంగతి చెప్పి ఉంచండి. కానీ వారాలు గడుస్తున్నా సరిగ్గా తినకపోయినా, నిద్రపోకపోయినా, ఆడుకోవడమే మానేసినా, బడికి వెళ్ళనే వెళ్ళనన్నా పిల్లల డాక్టరుని అడిగి పిల్లల సైకాలజిస్టుకి చూపించండి. "నేనూ నానమ్మ దగ్గరికి వెళ్ళిపోతా" అంటే ఈ వయసులో చాలాసార్లు నానమ్మని చూడాలని ఉంది అనే అర్థం. కసరకుండా "వెళ్ళి ఏం చేద్దామని ఉంది?" అని అడిగి వినండి. ఆ మాట పదే పదే వస్తుంటే ఆలస్యం చెయ్యకండి. కేంద్ర ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి 14416 నంబరులో ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడేవాళ్ళు ఉంటారు. మీవారికి రాత్రిళ్ళు నిద్రపట్టకపోతే ఆయన తన కోసం కూడా చెయ్యొచ్చు.